ఇంటి మీద కాంట్రాక్టర్ లీన్ పడితే: కట్టాలా, ఆగాలా, కోర్టుకెక్కాలా?

మా తోడల్లుడిది కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్. ఇల్లు కొన్న పదేళ్లకి వంటగది మొత్తం పీకించి కొత్తగా కట్టించుకున్నాడు. కాంట్రాక్టర్‌తో మాట్లాడుకున్న 62,000 డాలర్లూ పైసా బాకీ లేకుండా ఇచ్చేశాడు. కొత్త పొయ్యి మీద పాలు పొంగించి, తెలిసినవాళ్లందరికీ భోజనాలు పెట్టి రెండు నెలలు దాటాక ఒక కవరు వచ్చింది. క్యాబినెట్లు సప్లై చేసిన కంపెనీ అతని ఇంటి మీద 18,400 డాలర్లకి లీన్ వేసిందని, అంటే ఇంటి రికార్డులో ఆ బాకీ ఎక్కించిందని, అందులో ఉంది. ఆ కంపెనీ పేరు కూడా అతనికి గుర్తు లేదు. "ఇవ్వాల్సింది ఇచ్చేశాను కదా అన్నయ్యా, మధ్యలో వీళ్లెవరు?" అని రాత్రి పదకొండింటికి ఫోన్. తోడల్లుడు వాళ్లు అప్పటికే రీఫైనాన్స్‌కి, అంటే పాత ఇంటి లోను తీర్చి కొత్తది తీసుకోవడానికి, అప్లై చేసి ఉన్నారు. టెన్షన్‌లో మర్నాడు పొద్దున్నే చెక్కు రాసిచ్చేద్దామన్నాడు. వద్దన్నాను, వారం ఆగమన్నాను.

అతని ప్రశ్నలో న్యాయం ఉంది. మన ఊళ్లో మేస్త్రీకి డబ్బు ఎగ్గొడితే అతను గుమ్మం ముందు కూర్చుంటాడు, పెద్దమనుషుల్ని తీసుకొస్తాడు, మరీ అయితే కోర్టులో దావా వేస్తాడు. అంతేగానీ తనంతట తాను వెళ్లి మన ఇంటి ఈసీలో బాకీ ఎక్కించలేడు. కంసాలి సంగతి వేరు. గొలుసు చేయించుకుని కూలి ఇవ్వకపోతే, ఇచ్చేదాకా గొలుసు తన దగ్గరే ఉంచుకోవచ్చు. 1872 నాటి మన కాంట్రాక్ట్ చట్టం 170వ సెక్షన్ ఆ హక్కు ఇచ్చింది. కానీ అది చేతిలో పట్టుకోగలిగిన వస్తువులకే. ఇంటిని ఎవరు పట్టుకుని కూర్చుంటారు? అమెరికాలో ఆ చిక్కుని వేరేలా విప్పారు. రాజధాని వాషింగ్టన్ కడుతున్న రోజుల్లో, 1791లో, మేరీల్యాండ్ మొదటిసారి ఈ చట్టం తెచ్చింది: కట్టినవాడు ఇంటిని పట్టుకోనక్కర్లేదు, బాకీ సంగతి రికార్డుల్లో రాయిస్తే చాలు. కాలిఫోర్నియా అయితే 1879లో ఏకంగా తన రాజ్యాంగంలోనే ఈ హక్కు పెట్టింది. పని చేసినవాడికీ, సామాను ఇచ్చినవాడికీ అది వర్తిస్తుంది, మీతో నేరుగా ఒప్పందం లేకపోయినా సరే.

అసలు చిక్కంతా ఆ చివరి మాటలోనే ఉంది. మీరు కాంట్రాక్టర్‌కి ఇచ్చిన డబ్బు అతను సప్లయర్‌కి ఇవ్వలేదు. ఉరుము ఉరిమి మంగలం మీద పడింది. చట్టం దృష్టిలో ఆ క్యాబినెట్లు మీ గోడకి ఉన్నాయి, మీ ఇంటి విలువ పెరిగింది, కాబట్టి మీ ఇల్లే పూచీ. "నేను ఒకసారి కట్టాను" అన్నది సప్లయర్ లీన్‌కి దానంతట అదే జవాబు కాదు.

అలాగని లీన్ పడగానే ఇల్లు పోదు. ఆస్తి కాగితాలు నమోదు చేసే కౌంటీ రికార్డర్ దగ్గర మీ ఇంటి పేరు మీద ఒక కాగితం చేరుతుంది, అంతే. మీరు అందులోనే ఉంటారు, వండుకుంటారు, తింటారు. ఇల్లు అమ్మేటప్పుడో, రీఫైనాన్స్ చేసేటప్పుడో ఇంటి హక్కు రికార్డులు పరిశీలించే టైటిల్ కంపెనీ ఆ కాగితాన్ని చూసి ఆపేస్తుంది. కాలిఫోర్నియాలో ఈ లీన్‌కి పని మొదలైన రోజు నుంచే వరస వస్తుంది, ఆ తర్వాత ఇచ్చిన బ్యాంకు లోను దాని వెనకే నిలబడాలి. అందుకే కొత్త బ్యాంకు భయపడుతుంది. లీన్ వేసినవాడు కోర్టుకెళ్లి గెలిస్తే ఇంటిని అమ్మించి బాకీ రాబట్టుకునే హక్కు కూడా ఉంది. చాలా గొడవలు అంత దూరం పోకుండానే తెగిపోతాయి. కానీ ఆ హక్కు ఉండబట్టే అందరూ బెదిరిపోయి చెక్కు రాస్తారు.

చెక్కుబుక్కు కంటే ముందు క్యాలెండర్

ఏ దారి మంచిదని నన్ను ఎవరు అడిగినా ముందు తేదీలే అడుగుతాను. ఈ చట్టం తేదీల మీద నడుస్తుంది. ఒక్క రోజు తప్పినా లీన్ చచ్చిపోవచ్చు. నేను కింద చెప్పేవి కాలిఫోర్నియా లెక్కలు. వేరే రాష్ట్రాల సంగతి తర్వాత.

మొదట చూడాల్సింది లీన్ ఎవరు వేశారని. మీతో సంతకం చేసిన మెయిన్ కాంట్రాక్టరా, లేక మీతో ఒప్పందం లేని సబ్ కాంట్రాక్టరో సప్లయరో? సబ్‌లూ సప్లయర్లూ పని మొదలుపెట్టిన లేదా సామాను ఇచ్చిన 20 రోజుల్లో మీకు ప్రిలిమినరీ నోటీస్ అని ఒక కాగితం పంపాలి. అసలు పంపకపోతే వాళ్లకి లీన్ హక్కే లేదు. ఆలస్యంగా పంపితే, పంపిన రోజుకి ముందు 20 రోజుల నుంచి చేసిన పనికి మాత్రమే హక్కు వస్తుంది, అంతకు ముందుది పోయినట్టే. మెయిన్ కాంట్రాక్టర్ ఇంటి ఓనర్‌కి ఈ నోటీస్ ఇవ్వక్కర్లేదు, అతను ఎవరో మీకు తెలుసు కాబట్టి. రోజు కూలికి పనిచేసిన పనివాళ్లకి కూడా మినహాయింపు ఉంది.

ఈ నోటీసుని మనవాళ్లు చూసే తీరు గురించి ఒక మాట. సర్టిఫైడ్ మెయిల్‌లో వస్తుంది, లోపల చిన్న అక్షరాలు, పైన ఎవరిదో కంపెనీ పేరు. జంక్ అనుకుని చెత్తబుట్టలో వేస్తారు, లేదా భయపడిపోతారు. రెండూ తప్పే. అది బెదిరింపు కాదు, "మీ ఇంటి పనిలో నేనూ ఉన్నాను, నా డబ్బు సంగతి చూసుకోండి" అని చెప్పడం మాత్రమే. దాన్ని కవరుతో సహా దాచండి. కవరు మీద పోస్టల్ ముద్రే రేపు మీ లాయర్‌కి పనికొచ్చేది.

రెండో తేదీ, పని పూర్తయిన రోజు. అక్కడి నుంచి 90 రోజుల్లోపు లీన్ రికార్డు చేయాలి. ఓనర్ పని పూర్తయినట్టు నోటీస్ ఆఫ్ కంప్లీషన్ అనే కాగితం 15 రోజుల్లో రికార్డర్ దగ్గర నమోదు చేస్తే ఈ గడువు తగ్గుతుంది: మెయిన్ కాంట్రాక్టర్‌కి 60 రోజులు, మిగతావాళ్లకి 30 రోజులు. నూటికి తొంభై మంది ఓనర్లకి ఇలాంటిది ఒకటి ఉందనే తెలియదని నా అనుమానం. పని పూర్తవడమంటే చివరి స్క్రూ బిగించడం ఒక్కటే కాదు. పనివాళ్లు రావడం మానేసి మీరు ఆ గది వాడుకోవడం మొదలుపెట్టినా, లేదా వరసగా 60 రోజులు పని ఆగిపోయినా పూర్తయినట్టే లెక్క.

మూడోది, లీన్ రికార్డు అయిన రోజు. అక్కడి నుంచి మళ్లీ 90 రోజుల్లోపు దాన్ని అమలు చేయమని కోర్టులో దావా వేయాలి. వేయకపోతే లీన్ చెల్లదు. ఇద్దరూ కలిసి గడువు పెంచుకుంటున్నట్టు మరో కాగితం రికార్డు చేసుకుంటే తప్ప. కాబట్టి "టైం ఇస్తాం, ఇక్కడ సంతకం పెట్టండి" అని కాంట్రాక్టర్ ఏదైనా కాగితం తెస్తే చదవకుండా పెట్టకండి. లీన్ కాపీ మీకు చట్టం చెప్పిన పద్ధతిలో పంపి, పంపినట్టు రుజువు జత చేయకపోయినా లీన్ నిలవదు.

ఇవి కాక ఇంకొకటి, లైసెన్స్. కాంట్రాక్టర్ల లైసెన్స్ బోర్డు వెబ్‌సైట్‌లో నంబరు కొడితే రెండు నిమిషాల్లో తేలుతుంది. లైసెన్స్ అవసరమైన పనిని లైసెన్స్ లేకుండా చేసినవాడు కాలిఫోర్నియాలో డబ్బు కోసం కోర్టుకి రాలేడు. పైగా మీరిచ్చింది కూడా వెనక్కి అడగొచ్చు. కొందరికి ఇది మరీ దారుణంగా అనిపిస్తుంది, పని బాగానే చేసినా సరే ఇంతే. పని మధ్యలో లైసెన్స్ సస్పెండ్ అయిందేమో కూడా చూడండి.

ఇప్పుడు మా తోడల్లుడి కాగితాలు. పని ముగిసి వంటగది వాడుకోవడం మొదలైంది మార్చి 8న. లీన్ రికార్డు అయింది మే 20న, అంటే 73వ రోజు. గడువులోనే ఉంది. దావాకి ఆగస్టు 18 దాకా టైం ఉంది. మరి ప్రిలిమినరీ నోటీస్? "అలాంటిదేం రాలేదు" అన్నాడు. మా మరదలు డ్రాయర్ తీసి, కూపన్ల కిందనుంచి కవరు లాగింది. ఫిబ్రవరి 14న పోస్టు చేశారు. క్యాబినెట్లు దిగింది జనవరి 10న. అంటే నోటీస్ ఆలస్యం. జనవరి 25 తర్వాత ఇచ్చిన సామానుకే హక్కు. ఆ తర్వాత వచ్చింది ఫిబ్రవరి 3న మధ్యలో పెట్టే ఐలాండ్ ఒక్కటే, 2,900 డాలర్లు. 18,400 అని రాసిన లీన్‌లో నిలబడేది అంతే. మర్నాడు పొద్దున్నే రాయబోయిన చెక్కు గుర్తొచ్చి ఇద్దరం కాసేపు ఏమీ మాట్లాడలేదు.

కట్టేయడం, బేరమాడటం

కట్టేయడం చేతకానితనం కాదు. మొత్తం చిన్నదై, బాకీ నిజమై, వచ్చే వారం ఇల్లు అమ్ముడు ఖాయమైతే అదే అన్నిటికంటే చవక. కానీ ఎలా కడుతున్నారన్నది ముఖ్యం. కాలిఫోర్నియాలో లీన్ హక్కు వదులుకునే కాగితాలకి (వెయివర్లు) చట్టమే నాలుగు ఫారాలు ఇచ్చింది. మధ్యలో ఇచ్చే వాయిదాలకి రెండు, చివరి పేమెంట్‌కి రెండు. ప్రతి జతలో ఒకటి కండిషనల్, ఒకటి అన్‌కండిషనల్. కండిషనల్ అంటే డబ్బు చేతికి వస్తేనే హక్కు వదులుతున్నాను అని. అన్‌కండిషనల్ అంటే డబ్బు అందింది, ఇక నాకు హక్కు లేదు అని. చెక్కు ఇచ్చేటప్పుడు కండిషనల్ తీసుకోండి, చెక్కు పాసయ్యాక అన్‌కండిషనల్ తీసుకోండి. కాంట్రాక్టర్ సొంత భాషలో రాసుకొచ్చిన రసీదు మీద ఆధారపడకండి.

అయితే లీన్ అప్పటికే రికార్డు అయి ఉంటే ఈ ఫారాలు మాత్రమే సరిపోవు. లీన్ రిలీజ్ అనే కాగితం నోటరీ చేయించి అదే కౌంటీ రికార్డర్ దగ్గర నమోదు చేయాలి. "మేం చేసేస్తాం లెండి" అంటారు. చేయరు, డబ్బు అందినవాడికి ఆ తొందర ఉండదు. నోటరీ అయిన అసలు కాగితం మీ చేతిలో పడితేనే చెక్కు ఇవ్వండి, మీరే వెళ్లి రికార్డు చేయించండి.

మెయిన్ కాంట్రాక్టర్‌కి ఇంకా డబ్బు ఇవ్వాల్సి ఉంటే మీ చెయ్యి పైన ఉన్నట్టు. సబ్ లీన్ వేసి దావా వేస్తే, మెయిన్ కాంట్రాక్టరే తన ఖర్చుతో ఆ కేసు ఎదుర్కోవాలని చట్టం. ఆ కేసు తేలేదాకా అంత మొత్తం అతనికి ఇవ్వకుండా ఆపుకోవచ్చు. లేదా కాంట్రాక్టర్, సప్లయర్ ఇద్దరి పేర్లతో జాయింట్ చెక్కు రాయండి, ఇద్దరూ సంతకం పెడితేనే పాసవుతుంది. నాకు బాగా నచ్చిన పద్ధతి ఇదే, ఎవరితోనూ గొడవ పడక్కర్లేదు. మా వాడికి ఆ అవకాశం లేదు, మొత్తం ముందే ఇచ్చేశాడు కాబట్టి.

బేరం గురించి ఒకే మాట చెప్తాను: తేదీల లెక్క చేతిలో పెట్టుకుని మొదలుపెట్టండి. "మా దగ్గర అంత లేదండీ" అని మొదలుపెడితే పది శాతం తగ్గిస్తారు. "మీ నోటీస్ ఫిబ్రవరి 14న పడింది, ఇదిగో కవరు" అంటే అవతలివాళ్లు తమ లాయర్‌ని అడిగి చెప్తామంటారు. ఆ అడిగి చెప్తామన్న మాటలోనే సగం పని అయిపోతుంది.

ఆగడం

ఏమీ చేయకుండా 90 రోజులు గడవనివ్వడం కూడా ఒక దారే. ఖర్చు లేదు. ఇల్లు అమ్మే పని, లోను మార్చే పని లేనివాళ్లకి, ముఖ్యంగా లీన్ వేసింది సబ్‌గానీ సప్లయర్‌గానీ అయితే ఇది చాలాసార్లు సరైనదే. ఎందుకంటే మీతో ఒప్పందం లేనివాడికి మీ మీద ఉన్న పట్టు ఆ లీన్ ఒక్కటే. అది పోతే అతను వెళ్లి మెయిన్ కాంట్రాక్టర్‌నే పట్టుకోవాలి.

మెయిన్ కాంట్రాక్టర్ విషయంలో అలా కాదు. లీన్ గడువు తీరినా బాకీ తీరదు. రాతపూర్వక ఒప్పందం మీద దావా వేయడానికి అతనికి నాలుగేళ్లు టైం ఉంది. లీన్ పోయింది కదా అని పండగ చేసుకున్నవాళ్లకి ఏడాది తర్వాత సమన్లు రావచ్చు. పైగా ఇవ్వాల్సిన డబ్బుని కారణం లేకుండా ఆపితే నెలకి 2 శాతం పెనాల్టీ పడే నిబంధన కూడా ఉంది. నిజంగా పనిలో లోపం ఉంటే, వివాదంలో ఉన్న మొత్తానికి 150 శాతం దాకా ఆపుకోవచ్చు. అంటే 4,000 డాలర్ల టైల్స్ పని చెడిపోతే 6,000 ఆపొచ్చు. 40,000 ఆపడం కుదరదు. మనవాళ్లు ఇక్కడే ఎక్కువ తప్పు చేస్తారు. ఒక తలుపు సరిగ్గా పడటం లేదని చివరి వాయిదా మొత్తం ఆపేస్తారు, అతను లీన్ వేస్తాడు, అప్పుడు "మోసం" అంటారు.

ఆగేవాళ్లు 91వ రోజున కౌంటీ సుపీరియర్ కోర్టు వెబ్‌సైట్‌లో తమ పేరు వెతకాలి, రికార్డర్ దగ్గర కొత్త కాగితాలేమైనా చేరాయేమో చూడాలి. దావా వేసినట్టు సమన్లు మీదాకా రావడానికి కొన్ని వారాలు పట్టొచ్చు. చూడకుండా గెలిచామనుకోకండి.

కోర్టు పిటిషన్

గడువు తీరినా ఆ కాగితం రికార్డుల్లో దానంతట అదే మాయం కాదు. కొన్ని టైటిల్ కంపెనీలు పాత లీన్‌ని చూసీ చూడనట్టు వదిలేస్తాయి, కొన్ని ఒప్పుకోవు. ఒప్పుకోనప్పుడు లీన్ తీసేయమని కోర్టులో పిటిషన్ వేయొచ్చు. దానికి ముందు లీన్ వేసినవాడికి కనీసం 10 రోజులు టైం ఇస్తూ "రిలీజ్ చేయండి" అని నోటీస్ పంపాలి. చాలా లీన్‌లు ఆ ఉత్తరంతోనే రిలీజ్ అయిపోతాయి, ఎందుకంటే పిటిషన్‌లో ఓడినవాడు గెలిచినవాడి లాయర్ ఫీజు కట్టాలి. గడువు తీరిన లీన్‌ని పట్టుకుని వేలాడి ఆ ఫీజు నెత్తిన వేసుకోవాలని ఎవరూ అనుకోరు. కోర్టు కూడా త్వరగా తేలుస్తుంది. పిటిషన్ వేసిన 30 రోజుల్లో విచారణ, మొత్తం 60 రోజుల్లోపు తీర్పు.

ఒక ఇబ్బంది ఉంది. ఈ పిటిషన్ దావా గడువు దాటిపోయిన లీన్‌లకే. లీన్ తాజాగా ఉండగా, "దీనిలో పస లేదు" అని వాదించడానికి ఇది కాదు దారి. అవతలివాడు దావా వేశాక, లీన్ చెల్లదని అదే కేసులో మోషన్, అంటే విన్నపం, వేయొచ్చు, 1991లో ల్యాంబర్ట్ కేసులో అక్కడి అప్పీలు కోర్టు దానికి తలుపు తీసింది. కానీ అది లాయర్ లేకుండా అయ్యే పని కాదు.

బాండ్

తొందర ఉంది, కానీ ఒప్పుకోవడం ఇష్టం లేదు. ఈ రెండూ కలిసినప్పుడే బాండ్. డబ్బుకి పూచీ పడే ష్యూరిటీ కంపెనీ దగ్గర లీన్ మొత్తానికి 125 శాతం విలువైన బాండ్ తీసుకుని రికార్డు చేస్తే లీన్ మీ ఇంటి మీదనుంచి దిగి ఆ బాండ్ మీదికి ఎక్కుతుంది. 18,400కి 23,000 బాండ్. ఇల్లు అమ్ముకోవచ్చు, రీఫైనాన్స్ చేసుకోవచ్చు, గొడవ పక్కన నడుస్తూ ఉంటుంది. వినడానికి బాగానే ఉంటుంది. అయితే ప్రీమియం మీకు తిరిగి రాదు, కేసు సాగితే మళ్లీ కట్టాలి, మామూలు ఇంటి ఓనర్ల దగ్గర ష్యూరిటీ కంపెనీలు తరచుగా డబ్బో మరొకటో తాకట్టు అడుగుతాయి. పెద్ద మొత్తాలకి, గెలిచే వాదన ఉన్నవాళ్లకి ఇది మేలు. నాలుగైదు వేల లీన్‌కి బాండ్ తీసుకోవడం కొండనాలుకకి మందేసినట్టే.

అమ్మేవాళ్లకి మరో చిన్న దారి ఉంది. టైటిల్ కంపెనీని అడిగి చూడండి. కొన్నిసార్లు లీన్ కంటే కొంత ఎక్కువ మొత్తాన్ని మీ అమ్మకం డబ్బులోంచి ఎస్క్రోలో, అంటే మధ్యవర్తి ఖాతాలో, ఆపి, మిగతాది మీకిచ్చి అమ్మకం కానిచ్చేస్తారు. గొడవ తేలాక ఆ డబ్బు ఎటు పోవాలో అటు పోతుంది. బాండ్ కంటే తేలిక. కొనేవాళ్లు, వాళ్ల బ్యాంకు ఒప్పుకోవాలి, అంతే.

పూర్తి కేసు

అవతలివాడు దావా వేస్తే సమన్లకి గడువులోపల జవాబు ఇవ్వాల్సిందే. మౌనంగా కూర్చుంటే ఏకపక్షంగా తీర్పు వస్తుంది. పనిలో లోపాలుంటే మీరూ ఎదురు దావా వేయొచ్చు. 35,000 డాలర్ల లోపు వాటికి కాలిఫోర్నియాలో లిమిటెడ్ సివిల్ అని కొంచెం తేలికైన పద్ధతి ఉంది. చిన్న మొత్తాల కోర్టైన స్మాల్ క్లెయిమ్స్‌లో లీన్‌ని అమలు చేయించడం కుదరదు. మీరు కాంట్రాక్టర్ మీద నష్టం అడగాలంటే మాత్రం వ్యక్తులకి 12,500 డాలర్ల దాకా అక్కడ అవకాశం ఉంది, లాయర్ అక్కర్లేదు.

లైసెన్స్ బోర్డుకి ఫిర్యాదు చేస్తామని చాలామంది అంటారు. చేయండి, కాంట్రాక్టర్ మీద ఒత్తిడి పడుతుంది. కానీ బోర్డు లీన్‌ని తీసేయలేదు. ఫిర్యాదు పెట్టాం కదా అని దావా గడువులు మరిచిపోయినవాళ్లు ఉన్నారు.

ఇక నన్ను అడిగితే ఇలా తేలుస్తాను. సబ్ వేసిన లీన్, తొందర లేదు: ఆగండి, 91వ రోజు చూసి నోటీస్ పంపండి. సబ్ వేసిన లీన్, తొందర ఉంది: తేదీల తప్పు పట్టుకుని బేరం, కుదరకపోతే ఎస్క్రో హోల్డ్‌బ్యాక్. మెయిన్ కాంట్రాక్టర్‌తో పని నాణ్యత గొడవ: వివాదంలో లేని డబ్బు వెంటనే ఇచ్చేసి, మిగతా దాని మీద మాట్లాడండి. మొత్తం ఆపిపెట్టి "ధర్మం నా వైపుంది" అని కూర్చోకండి. లైసెన్స్ లేనివాడు: ఒక్క డాలర్ కూడా ఇవ్వకుండా ముందు లాయర్‌ని కలవండి. గంట ఫీజుకి వెనకాడకండి, ఆ గంటలో తేదీలు చూపించడానికే వెళ్తున్నామని గుర్తుపెట్టుకోండి.

కాలిఫోర్నియా కాకపోతే

ఫ్రిస్కో, ప్లేనో, ఇర్వింగ్ వైపు మనవాళ్లు చాలామంది కాబట్టి టెక్సాస్ గురించి కొంచెం. అక్కడ 90 రోజులు ఆగే ఎత్తు పారదు. 2022 జనవరి 1 నుంచి వచ్చిన మార్పుల ప్రకారం లీన్ దాఖలు చేయడానికి ఉన్న చివరి రోజు నుంచి ఏడాది దాకా దావా వేయొచ్చు. ఇళ్ల పనుల్లో లీన్ కాగితం దాఖలు చేయడానికి, పని ముగిసిన నెల తర్వాత మూడో నెల 15వ తేదీ దాకా మెయిన్ కాంట్రాక్టర్‌కి టైం ఉంటుంది. బాండ్ కూడా బరువే: 40,000 డాలర్ల దాకా లీన్ అయితే రెట్టింపు. జనరల్ కాంట్రాక్టర్లకి రాష్ట్ర లైసెన్సే లేదు, కాబట్టి ఆ వాదనా లేదు.

కానీ టెక్సాస్ వాళ్లకి ఇంకో గట్టి కవచం ఉంది, హోమ్‌స్టెడ్. మీరు కాపురముంటున్న ఇంటి మీద లీన్ నిలవాలంటే పని మొదలవకముందే రాతపూర్వక ఒప్పందం ఉండాలి, పెళ్లయినవాళ్లయితే భార్యాభర్తలిద్దరూ సంతకం చేయాలి, దాన్ని కౌంటీ క్లర్క్ దగ్గర నమోదు చేయాలి. మన ఇళ్లలో ఒక్కరే సంతకం చేసేసే అలవాటు ఈ ఒక్క చోట మేలు చేస్తుంది. చెల్లని లీన్‌ని తీయించడానికి అక్కడ త్వరగా తేల్చే సమ్మరీ మోషన్ ఉంది, దావా గడువు తీరేదాకా ఆగక్కర్లేదు. తెలిసి తెలిసి దొంగ లీన్ వేస్తే కనీసం 10,000 డాలర్లు నష్టపరిహారం పడుతుంది. ఓనర్ పక్కన ఒక బాధ్యత కూడా ఉంది: పని విలువలో 10 శాతం, పని ముగిసిన 30 రోజుల దాకా ఆపి ఉంచాలి. ఆపకపోతే సబ్‌లకి ఆ మేరకు మీరే పూచీ.

ఎడిసన్ వైపు, న్యూజెర్సీలో, ఇంటి మీద లీన్ వేయడం ఇంత సులువు కాదు. ముందు బాకీ ఉందని నోటీస్ దాఖలు చేసి, ఆర్బిట్రేటర్ అనే మధ్యవర్తి దగ్గర తేల్చుకుంటేనే లీన్. అంటే మీ వాదన లీన్ పడకముందే చెప్పుకునే అవకాశం ఉంటుంది. ఆ ఆర్బిట్రేషన్ కవరుని ఎత్తి పక్కన పెట్టొద్దు.

మళ్లీ పని పెట్టించుకునేటప్పుడు

కాలిఫోర్నియాలో ఇంటి రిపేరు పనికి అడ్వాన్సు 1,000 డాలర్లు లేదా ఒప్పందంలో 10 శాతం, ఈ రెండిట్లో ఏది తక్కువైతే అంతకు మించి అడగకూడదు. 30 శాతం ముందు అడిగినవాడితో మొదలుపెట్టకండి. ఒప్పందంలోనే లీన్ గురించి హెచ్చరిక ఒక పేజీ ఉంటుంది, చట్టం పెట్టించింది. దాని మీద అందరూ చదవకుండా సంతకం చేస్తాం, నేనూ చేశాను. వచ్చిన ప్రతి ప్రిలిమినరీ నోటీస్‌నీ ఒక ఫైల్లో పెట్టి, తర్వాతి వాయిదా ఇచ్చేముందు ఆ పేర్లన్నిటి దగ్గర్నుంచీ వెయివర్లు తెమ్మని కాంట్రాక్టర్‌ని అడగండి. మొహమాటపడకండి, నిజమైన కాంట్రాక్టర్‌కి ఇది రోజూ ఉండే పనే. ముగిశాక నోటీస్ ఆఫ్ కంప్లీషన్ రికార్డు చేయండి.

మా తోడల్లుడు చివరికి సప్లయర్‌తో 3,200కి తేల్చుకున్నాడు. 2,900 దగ్గర ఆగుదామని నేనన్నాను గానీ, రీఫైనాన్స్ రేటు గడువు ముంచుకొస్తోంది, మూడొందల కోసం ఇంకో వారం వద్దన్నాడు. నోటరీ అయిన రిలీజ్ కాగితం చేతికొచ్చాకే చెక్కు ఇచ్చాడు. మధ్యాహ్నం ఆఫీసుకి సెలవు పెట్టి ఓక్లాండ్ వెళ్లి, తనే అలమీడా కౌంటీ రికార్డర్ దగ్గర రికార్డు చేయించుకొచ్చాడు. ఆ 3,200 మెయిన్ కాంట్రాక్టర్ దగ్గర వసూలు చేయడానికి స్మాల్ క్లెయిమ్స్‌లో వేశాడు. విచారణ తేదీ ఇంకా రాలేదు.